హీట్ పంప్ బయటి యూనిట్ మంచుగడ్డ అయిపోయింది, బిల్లు రెట్టింపయింది. కొత్తది కొనాల్సిందేనా?

కేరీ_శ్రీను | జనవరి 12, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఒకే అంతస్తు ఇల్లు, గ్యాస్ కనెక్షన్ లేదు. చలికైనా ఎండకైనా ఒక్కటే హీట్ పంప్. 3 టన్నులది, లేబుల్ మీద 2014 అని ఉంది, లోపల తిరిగే చల్లబరిచే గ్యాస్ ఆర్-410ఏ. లోపలి యూనిట్ అటక మీద ఉంది, అందులో 10 కిలోవాట్ల హీటర్ కాయిల్స్ ఉన్నాయి.

పది రోజులుగా బయటి యూనిట్ మీద మంచు పేరుకుంటోంది. ఇవాళ పొద్దున చూస్తే నాలుగు పక్కలా తెల్లటి గోడ కట్టినట్టుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. లోపల గాలి ఒకసారి చల్లగా, ఒకసారి సెగలా వస్తోంది. డిసెంబరు బిల్లు 418 డాలర్లు. కిందటేడు డిసెంబరులో 204.

ఒక కంపెనీ నుంచి అబ్బాయి వచ్చాడు. పావుగంట ఉన్నాడు. గేజులు తగిలించి, ప్రెషర్ బాగా తక్కువగా ఉంది, కంప్రెసర్ పనైపోయింది, పైగా ఈ గ్యాస్ బ్యాన్ అయింది కాబట్టి రిపేరు దండగ అన్నాడు. కొత్తదానికి 13,800 డాలర్ల కొటేషన్ ఇచ్చాడు. శుక్రవారం లోపు సంతకం పెడితే 500 తగ్గిస్తారట.

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. నాన్నకి 74. రాత్రి రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే చూడలేకపోయాను. సంతకం పెట్టేద్దామనే ఉంది. తెలిసినవాళ్లు ఒక మాట చెప్పండి.

చికాగో_రావు | జనవరి 12, రాత్రి 10:05

ఫిల్టర్ మార్చారా? ఊళ్లో మా ఏసీ ఇలాగే మంచు పట్టేది. ఫిల్టర్ కడిగితే పోయేది. ముందు అది చూడండి.

పాతమెకానిక్ | జనవరి 12, రాత్రి 10:31

రావు గారు చెప్పింది ఎండాకాలం సంగతి. ఏసీగా నడిచేటప్పుడు చల్లబడేది లోపలి కాయిల్, అంటే గ్యాస్ తిరిగే రాగి గొట్టాల చుట్ట. ఫిల్టర్ మూసుకుపోతే దాని మీదికి గాలి రాదు, అదే మంచు పడుతుంది. చలికాలంలో పని తారుమారవుతుంది. బయటి కాయిల్ చల్లబడి, బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లాక్కుంటుంది. లోపలి కాయిల్ వేడెక్కుతుంది. కాబట్టి ఇప్పుడు బయట పట్టిన మంచుకి ఫిల్టర్‌తో సంబంధం లేదు. ఫిల్టర్ మూసుకుపోతే ఈ కాలంలో వేరే జబ్బు వస్తుంది, ప్రెషర్ పెరిగి యూనిట్ ట్రిప్ అవుతుంది.

నేను విజయవాడలో 14 ఏళ్లు ఏసీ పని చేశాను. ఇప్పుడు షార్లెట్‌లో ఇదే పని, లైసెన్సుతో. శ్రీను బాబూ, సంతకం పెట్టకు.

బయటి కాయిల్ మీద మంచు పట్టడం తప్పు కాదు. బయట 35, 40 డిగ్రీలుండి (ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్ లెక్కే, 32 అంటే నీళ్లు గడ్డకట్టే చలి) గాలిలో తడి ఉంటే కాయిల్ గడ్డకట్టే స్థాయి కంటే కిందికి పోతుంది, ఆ తడి దాని మీద మంచయి కూర్చుంటుంది. మన కరోలినా చలి అచ్చంగా అలాంటిది. అందుకే ప్రతి హీట్ పంప్‌లో డీఫ్రాస్ట్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. అరగంటకో, గంటకో, గంటన్నరకో ఒకసారి యూనిట్‌లోని కంట్రోల్ బోర్డు చూసుకుని, కాయిల్ నిజంగా గడ్డకట్టి ఉంటే గ్యాస్ దారి మార్చే రివర్సింగ్ వాల్వ్‌ని తిప్పి కాసేపు ఏసీలా నడుపుతుంది. వేడి గ్యాస్ బయటి కాయిల్‌లోకి వెళ్లి మంచు కరుగుతుంది. ఆ కాసేపూ బయటి ఫ్యాన్ ఆగిపోతుంది, ఇంట్లోకి చల్లగాలి రాకుండా లోపల హీటర్ కాయిల్స్ వెలుగుతాయి. పది నిమిషాల్లోపు పని పూర్తవుతుంది. నీ యూనిట్‌లో ఇది జరగట్లేదని నా అనుమానం.

ఒక్క సంగతి చెప్పు. మంచు అంతటా సమానంగా ఉందా, అడుగున కొంచెం మేరే ఉందా, పైన ఒక మూలే ఉందా?

కేరీ_శ్రీను | జనవరి 12, రాత్రి 10:44

అంతటా సమానంగా ఉందండీ. పైనుంచి కింది దాకా, నాలుగు పక్కలా ఒకే మందం. ఫోటో పెట్టాను.

పాతమెకానిక్ | జనవరి 12, రాత్రి 11:02

ఫోటో చూశాను. గ్యాస్ తక్కువైతే ఇలా పట్టదు. గ్యాస్ లోపలికి వచ్చే చోటు చుట్టూ ఒక ముక్క గడ్డకట్టి మిగతాది పొడిగా ఉంటుంది. పైనున్న వాన గొట్టం కారుతుంటే ఒక మూల గడ్డ కడుతుంది. అడుగున నీళ్లు పోయే దారి మూసుకుంటే కిందంతా గడ్డ కడుతుంది. అంతటా సమానంగా పట్టిందంటే కాయిల్ నిండా గ్యాస్ ఉంది, కాయిల్ తన పని చేసింది. కరిగించేవాడే రాలేదు.

ఇక ఆ అబ్బాయి గేజులు. గడ్డకట్టిన కాయిల్ మీద గేజు పెడితే ప్రెషర్ తక్కువగానే చూపిస్తుంది. మంచు అడ్డుపడి గాలి ఆడకపోతే గ్యాస్ ఎక్కడి నుంచి వేడి తీసుకుంటుంది? ముందు మంచు కరిగించి, ఆ తర్వాత ప్రెషర్ చూసి, అప్పుడు మాట్లాడాలి. అలా చూడకుండా కంప్రెసర్ పోయిందని చెప్పడం నాకు బాధగా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లున్నారని భయపడే మనిషికి అలా చెప్పకూడదు.

గ్యాస్ బ్యాన్ మాట కూడా సగమే నిజం. 2025 జనవరి 1 నుంచి ఇళ్లకి ఆర్-410ఏతో కొత్త యూనిట్లు తయారు చేయకూడదు. కొత్తవి ఆర్-454బీ, ఆర్-32తో వస్తున్నాయి. ఉన్న యూనిట్లకి రిపేరు చేయొద్దని ఎవరూ అనలేదు. సర్వీసుకి ఆ గ్యాస్ దొరుకుతోంది.

గోదారమ్మాయి | జనవరి 13, ఉదయం 6:20

శ్రీను గారూ, ముందు పెద్దవాళ్ల సంగతి చూడండి. థర్మోస్టాట్‌లో ఎమర్జెన్సీ హీట్ అని ఉంటుంది, అది పెట్టండి. కంప్రెసర్ ఆగిపోయి, వేడంతా లోపలి హీటర్ కాయిల్సే ఇస్తాయి. కరెంటు మూడింతలు తింటుంది, అయినా రెండు రోజులకి ఏమీ కాదు. బయటి యూనిట్ ఆ మంచుతో నడవడం కంటే అదే నయం.

మాది అట్లాంటా పక్కన ఆల్ఫారెట్టా. రెండేళ్ల క్రితం మాకూ ఇలాగే అయితే మంచుని స్క్రూడ్రైవర్‌తో పొడవబోయిన మావారిని ఆపాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. రేకుల వెనకే రాగి గొట్టం ఉంటుంది. దానికి చిల్లు పడితే గ్యాసంతా పోతుంది, అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి. గోరువెచ్చటి నీళ్లు పోస్తే చాలు. మరిగే నీళ్లు వద్దు.

పాతమెకానిక్ | జనవరి 13, ఉదయం 6:41

అమ్మాయి చెప్పినవన్నీ సరైనవే. కానీ శ్రీను బాబూ, నీళ్లు ఇప్పుడే పోయకు! మంచు ఉండగానే ఒక కొలత తీసుకోవాలి. కరిగాక ఆ కొలతకి అర్థం ఉండదు.

నీ యూనిట్‌లో బయటి కాయిల్ అడుగున రాగి గొట్టానికి క్లిప్పుతో పట్టి ఉండే గుండ్రటి చిన్న బిళ్ల ఉంటుంది, రెండు తీగలతో. అదే డీఫ్రాస్ట్ థర్మోస్టాట్. గొట్టం సుమారు 30 డిగ్రీలకి దిగితే లోపల స్విచ్ మూసుకుని బోర్డుకి "గడ్డకట్టింది" అని చెబుతుంది. వేడెక్కాక తెరుచుకుని "ఇక చాలు" అంటుంది. కొన్ని కంపెనీల యూనిట్లలో దీని బదులు థర్మిస్టర్ (వేడిని బట్టి ఓమ్స్ మారే సెన్సర్) ఉంటుంది, దాని లెక్క వేరు.

లోపల ప్యానెల్లో బయటి యూనిట్ బ్రేకర్ దించు. బయట గోడ మీదున్న డిస్కనెక్ట్ స్విచ్ లాగెయ్. మీటరుతో 240 వోల్టులు లేవని చూసుకున్నాకే మూత తియ్యి. కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది, దాన్ని డిశ్చార్జ్ చెయ్యడం రాకపోతే ఇక్కడే ఆగిపో, తప్పేం లేదు. వస్తే, ఆ బిళ్ల తీగలు రెండూ బోర్డు నుంచి పీకి మీటరుతో ఓమ్స్ చూడు. కాయిల్ గడ్డకట్టి ఉంది కాబట్టి సున్నా దగ్గరగా రావాలి.

వరంగల్_వేణు | జనవరి 13, ఉదయం 8:15

నేను హైదరాబాద్‌ల ఏసీ పని చేస్తా. మాకాడ గడ్డకట్టేంత చలి ఉండదు గని హాట్ అండ్ కోల్డ్ ఏసీలు వస్తయి, గదే రివర్సింగ్ వాల్వ్. పాతమెకానిక్ అన్న చెప్పింది కరెక్టు. ఒక్కటే కలుపుతున్న. తీగ పీకేముందు ఫోన్ల ఫోటో తీస్కోన్రి, ఏ తీగ యాడికి పోతదో. పదేండ్లు పని జేసిన నేనే ఫోటో లేకుంట ఏ తీగా పీకను.

కేరీ_శ్రీను | జనవరి 13, మధ్యాహ్నం 1:37

పక్కింటాయన ఎలక్ట్రీషియన్. ఆయన్ని పక్కన నిలబెట్టుకుని చేశాను. కెపాసిటర్ ఆయనే డిశ్చార్జ్ చేశారు.

బిళ్ల దొరికింది. దాని మీద 30 దగ్గర మూసుకుని 60 దగ్గర తెరుచుకుంటుందని రాసి ఉంది. చుట్టూ మంచే ఉంది. మీటర్ మాత్రం "ఓఎల్" అంటోంది. మూడుసార్లు చూశాను. అంటే తెరుచుకునే ఉన్నట్టే కదా?

పాతమెకానిక్ | జనవరి 13, మధ్యాహ్నం 1:52

అంతే. దొరికింది దొంగ. ఇరవై, ముప్ఫై డాలర్ల సామాను. గడ్డలో మునిగి కూడా "ఇంకా వెచ్చగానే ఉంది" అని బోర్డుకి అబద్ధం చెబుతోంది. బోర్డు నమ్మింది, డీఫ్రాస్ట్ మొదలుపెట్టలేదు.

కానీ అక్కడితో తీర్పు చెప్పను. మిగతావి బాగున్నాయో లేదో కూడా ఇప్పుడే తేలిపోవాలి. కరెంటు ఆపే ఉంచి, ఆ బిళ్ల తీగలు తగిలే రెండు పిన్నులని చిన్న వైరుతో కలుపు. బోర్డుకి ఇప్పుడు "గడ్డకట్టింది" అన్న కబురు అందుతుంది. మూత లోపల అంటించిన బొమ్మ చూసి టెస్ట్ పిన్నులు ఎక్కడున్నాయో కనుక్కో. కరెంటు ఇచ్చి, హీట్ మోడ్‌లో నడిపించి, ఆ పక్కింటాయనే పిన్నులు కలపాలి, నువ్వు దూరంగా నిలబడి చూడు. ఫ్యాన్ ఆగాలి, "బుస్స్"మని పెద్ద శబ్దం రావాలి, ఆవిరి లేవాలి. భయపడకు. పని కాగానే కరెంటు ఆపి ఆ వైరు ముక్క తప్పకుండా తీసెయ్. అది ఉండగా ఎప్పుడు చాలో బోర్డుకి తెలియదు, ప్రతిసారీ గడువు మొత్తం నడుపుతుంది.

కేరీ_శ్రీను | జనవరి 13, సాయంత్రం 4:10

అండీ, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను. ఫ్యాన్ ఆగింది, మీరు చెప్పిన శబ్దం వచ్చింది, పొగ మంచులా ఆవిరి లేచింది. అమ్మ కిటికీలోంచి చూసి నిప్పంటుకుందని కేక పెట్టింది. ఎనిమిది నిమిషాల్లో గడ్డలు గడ్డలుగా ఊడి పడ్డాయి. రెండోసారికి కాయిల్ అంతా శుభ్రం. వైరు ముక్క తీసేశాను.

ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటర్ పెట్టారు. లేబుల్ మీద కంప్రెసర్‌కి 14.1 ఆంప్స్ అని ఉంది, మంచు పోయాక హీట్‌లో 9.6 తీసుకుంటోంది. కెపాసిటర్ మీద 45, 5 అని ఉంటే 44.1, 4.9 వచ్చాయి.

పాతమెకానిక్ | జనవరి 13, సాయంత్రం 4:33

కంప్రెసర్ తోస్తోంది, వాల్వ్ తిరుగుతోంది, బోర్డు రిలేలు పనిచేస్తున్నాయి, కెపాసిటర్ బాగుంది. అన్నీ ఒక్క పరీక్షలో తేలాయి. వచ్చినవాడు పావుగంట ఉన్నాడన్నావు, ఆ పావుగంటలోనే ఇది చేయొచ్చు.

కొత్త బిళ్ల కొనేటప్పుడు మోడల్ నంబరు చెప్పి అదే తీసుకో, మూసుకునే, తెరుచుకునే డిగ్రీలు తేడా రాకూడదు. పాతది ఉన్న చోటే, గొట్టం తుడిచి, క్లిప్పు గట్టిగా పట్టేలా బిగించు. వదులుగా వేలాడితే గొట్టం చలి దానికి తెలియదు, గాలి చలే తెలుస్తుంది. బోర్డులో డీఫ్రాస్ట్ టైం పిన్ను 90 నిమిషాల మీద ఉంటే 60కి మార్చు. మన తడి చలికి అది సరిపోతుంది.

ప్లేనో_ప్రసాద్ | జనవరి 13, రాత్రి 8:02

డల్లాస్ దగ్గరి నుంచి చదువుతున్నాను, మాదీ హీట్ పంపే. 2021 ఫిబ్రవరి 16న ఇక్కడ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీలు నమోదైంది. ఆ వారం మా ఇంట్లో కరెంటు వచ్చిన కాసేపూ హీటర్ కాయిల్సే నడిచాయి. ఊరంతా అలాగే నడిచి ఉంటాయి. శ్రీను గారూ, మీ దగ్గర కూడా 2022 డిసెంబరు 24 పొద్దున కరెంటు విడతలవారీగా తీశారు కదా. అలాంటి రోజున పాడైన హీట్ పంప్ ఉన్న ఇల్లు మిగతా ఇళ్ల కంటే ముందు చల్లబడుతుంది. మీరు ఇప్పుడే చూసుకోవడం మంచిదైంది.

ఇంకో మాట. రాత్రి థర్మోస్టాట్ బాగా దించి పొద్దున ఒక్కసారి పెంచే అలవాటుంటే మానండి. ఒకేసారి ఎనిమిది డిగ్రీలు పెంచితే హీట్ పంప్ తను అందుకోలేనని హీటర్ కాయిల్స్‌ని పిలుస్తుంది. రాత్రి ఆదా చేసింది పొద్దున గంటలో పోతుంది. నేను 69 పెట్టి కదిలించను.

కేరీ_శ్రీను | జనవరి 17, రాత్రి 9:15

బిళ్ల వచ్చింది, 23 డాలర్లు. మొన్న వేశాను. మూడు రోజులుగా మంచు నిలవట్లేదు, డీఫ్రాస్ట్ దానంతటదే రావడం నా కళ్లతో చూశాను.

కానీ కరెంటు తగ్గలేదు. కంపెనీ యాప్‌లో గంట గంటకీ చూస్తున్నాను. నిన్న బయట 50 ఉన్నా గంటకి 6, 7 యూనిట్లు కాలుతోంది. థర్మోస్టాట్ మీద ఆక్స్ హీట్ (హీటర్ కాయిల్స్‌ని పిలిచినప్పుడు వచ్చే గుర్తు) అని ఏమీ కనిపించట్లేదు. గాలి మాత్రం సెగలా ఉంది. గ్రిల్ దగ్గర థర్మామీటర్ పెడితే 111 చూపించింది. అప్పుడప్పుడు బ్లోయర్ (లోపలి ఫ్యాన్) ఆగాక కాలిన దుమ్ము వాసన వస్తోంది. మొదట చెప్పలేదు, ఈ వాసన నెల రోజులుగా ఉంది. పాత ఇల్లు కదా అనుకున్నాం.

గోదారమ్మాయి | జనవరి 17, రాత్రి 9:31

శ్రీను గారూ, ఆ వాసనని తేలిగ్గా తీసుకోకండి. ఒట్టి హీట్ పంప్ 50 డిగ్రీల రోజున 90, 100 మధ్య గాలినిస్తుంది. 111 అంటే హీటర్ కాయిల్ ఒకటి వెలుగుతూనే ఉంది, థర్మోస్టాట్ అడగకపోయినా. బ్లోయర్ ఆగాక కూడా వెలిగి ఉంటే, అక్కడున్న లిమిట్ స్విచ్ వేడికి తెగి ఆపుతోంది, చల్లారాక మళ్లీ కలుస్తోంది. ఆ ఒక్క స్విచ్ మీదే ఆధారపడి పడుకోకూడదు. లోపలి యూనిట్ బ్రేకర్ ఇప్పుడే దించండి. ఈ రాత్రికి ప్లగ్‌లో పెట్టే హీటరు పెద్దవాళ్ల గదిలో పెట్టండి, ఎక్స్‌టెన్షన్ తీగకి కాదు, గోడ ప్లగ్‌కే.

పాతమెకానిక్ | జనవరి 17, రాత్రి 9:50

అమ్మాయి మాట విను, బ్రేకర్ దించు. తప్పు నాది కూడా ఉంది. మొదటి రోజే "ఒకసారి సెగలా" అని రాశావు, నేను మంచు వెంట పడి అది వదిలేశాను.

సీక్వెన్సర్ అని ఒకటుంటుంది. హీటర్ కాయిల్స్‌ని ఒకదాని తర్వాత ఒకటి వెలిగించే స్విచ్. దానికి 24 వోల్టులు అందితే లోపల పలక వేడెక్కి వంగి, అరనిమిషమో నిమిషమో ఆగి కాంటాక్టులు కలుపుతుంది. మంచు నీ కంటపడింది పది రోజుల కిందటే అయినా, నెల పైగా నీ యూనిట్ దాంతో నీరసించి గంటకి పదిసార్లు హీటర్ కాయిల్స్‌ని పిలిచి ఉంటుంది. కలిసి, విడిపోయి, ఆ కాంటాక్టులు కాలి అతుక్కుపోయాయని నా లెక్క. మొదటి జబ్బే రెండోదాన్ని తెచ్చింది.

రేపు ఆ ఎలక్ట్రీషియన్‌ని అటక మీదికి తీసుకెళ్లు. 5 కిలోవాట్ల కాయిల్ 240 వోల్టుల మీద 21 ఆంప్స్ దగ్గర లాగుతుంది. థర్మోస్టాట్ ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, క్లాంప్ పెట్టమను. సీక్వెన్సర్ చిన్న తీగల మధ్య 24 వోల్టులు లేకుండా పెద్ద తీగలో 20 పైన వస్తే ఇక అనుమానం లేదు.

కేరీ_శ్రీను | జనవరి 18, మధ్యాహ్నం 12:26

చిన్న తీగల మధ్య సున్నా. పెద్ద తీగలో 20.4 ఆంప్స్. రెండో కాయిల్‌లో ఏమీ లేదు. కరెంటు ఆపి ఓమ్స్ చూస్తే ఒక జత కాంటాక్టులు అతుక్కునే ఉన్నాయి. ఒక తీగ చివర నల్లగా మాడి పెళుసైపోయింది. ఎలక్ట్రీషియన్ అది కోసేసి కొత్త క్లిప్పు వేశారు. సీక్వెన్సర్ ఊళ్లోనే దొరికింది, 31 డాలర్లు.

సాయంత్రానికి గాలి 94. వాసన లేదు.

ప్లేనో_ప్రసాద్ | జనవరి 18, రాత్రి 7:40

లెక్క వేసి చూశాను. 5 కిలోవాట్లు రోజుకి 14 గంటలు వెలిగితే 70 యూనిట్లు, నెలకి 2,100. యూనిట్ 13 సెంట్లనుకుంటే 273 డాలర్లు. ఆ వేడి ఇంట్లోకే వచ్చింది కాబట్టి అంతా వృథా కాదు. అదే వేడిని హీట్ పంప్ మూడో వంతు కరెంటుతో ఇచ్చేది. అంటే 180 దాకా ఊరికే పోయినట్టు. మీ బిల్లులో పెరిగిన 214కి దగ్గరగానే ఉంది.

కేరీ_శ్రీను | ఫిబ్రవరి 16, రాత్రి 8:55

కొత్త బిల్లు వచ్చింది, జనవరి 15 నుంచి ఫిబ్రవరి 14 దాకా. 221 డాలర్లు. మొదటి మూడు రోజులు పాత తంతే కదా. కొటేషన్ కాగితం అటక మీద యూనిట్ పక్కనే పెట్టాను, మాడిన తీగ ముక్కతో పాటు. నాన్న పాతమెకానిక్ గారి ఊరు ఎక్కడని అడిగారు. విజయవాడలో పని చేశారని చెబితే, మన కృష్ణా తీరం మనిషే అని సంబరపడ్డారు.

కొత్తసభ్యుడు_రాలీ | ఫిబ్రవరి 17, ఉదయం 7:12

ఇదంతా చదివి నేనూ ఆ బిళ్ల ఆర్డరు పెట్టబోతున్నాను. మాదీ మంచు పడుతోంది. కాకపోతే అడుగున రెండు మూడు వరసలే, మిగతా కాయిల్ పొడిగా ఉంది.

పాతమెకానిక్ | ఫిబ్రవరి 17, ఉదయం 7:30

ఆర్డరు పెట్టకు బాబూ. నీది ఆ జబ్బు కాదు. అడుగున నీళ్లు పోయే దారి మూసుకోలేదంటే, ఇలా ఒక ముక్క గడ్డకట్టి మిగతాది పొడిగా ఉన్నప్పుడు గ్యాస్ తక్కువయ్యే అవకాశం ఎక్కువ. గ్యాస్ వైపు చెయ్యి పెట్టాలంటే ఇక్కడ సెక్షన్ 608 సర్టిఫికెట్ ఉన్నవాళ్లే పెట్టాలి. కారుతున్న చోటు కనుక్కోకుండా ఒట్టిగా గ్యాస్ పట్టించేవాణ్ణి ఒప్పుకోకు. గొట్టాల అతుకుల దగ్గర జిడ్డు మరక ఏమైనా కనిపిస్తోందా? ఫోటో తీసి వేరే పోస్టుగా పెట్టు, చూస్తాను.